నార్మన్ థ్రెల్‌ఫాల్ వేసిన ఒకే ఒక చెడ్డ బంతి

నార్మన్ థ్రెల్‌ఫాల్‌కు చెడ్డ బంతి వేయడం చేతకాదు. దీన్ని పొగడ్తగా తీసుకోనక్కర్లేదు. అతనిలో ఉన్న లోపమే అది. ఆ లోపానికి కారణం, అతను పుట్టిన వీధి వెనక సందులో మురుగుకాలువ మీద బిగించిన ఒక ఇనుప మూత.

ఆ సందులో గోడకేసి బంతి వేసి ఆడుకునే కుర్రవాడికి ప్రకృతి ఒకే ఒక్క చోటు వదిలింది. మూత గరుకుగా ఉండేది. వేళ్లతో తిప్పి విసిరిన బంతి సరిగ్గా దాని మీద పడితే, ఆ గరుకు పట్టుకుని, వంగి, బుద్ధిగా గోడకు తగిలి తిరిగి వచ్చేది. జానెడు ముందు పడినా, జానెడు వెనక పడినా, రాళ్లకు కొట్టుకుని ఎగిరి మిసెస్ ఒలెరెన్‌షా ఆరేసిన దుప్పట్ల మీదికి పోయేది. మిసెస్ ఒలెరెన్‌షా నలుగురి బట్టలు ఉతికి బతికే మనిషి. దుప్పటికి మట్టి అంటించిన బంతిని ఆమె బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టేసేది. ఇక దానికి విడుదల లేదు. మొదటి వేసవిలో నార్మన్ పద్నాలుగు బంతులు పోగొట్టుకున్నాడు. రెండో వేసవిలో మూడు. మూడో వేసవిలో ఒక్కటీ పోలేదు. తల్లి కంట పడకుండా డబ్బాలోంచి బంతులు తీసి గోడ మీదుగా అందిస్తూ వచ్చిన ఐవీ ఒలెరెన్‌షాకు ఆ వేసవి ఏమీ తోచలేదు. జూలై దాకా చూసి, తనే సందులోకి వచ్చి అడిగింది.

"ఏమయ్యా, ఒక్కటైనా తప్పు వేయవా? మనిషి మొహం చూసి రెండు నెలలైంది."

అలా అతనికి ఒక భార్య, ఒక విద్య ఒకే సందులో దొరికాయి.

విద్యతో కౌంటీ జట్టులో కొలువు దొరికింది కానీ, మైదానం దొరకలేదు. ఆర్థర్ బెలింగ్ అనే పెద్ద స్పిన్నరు ఆ చోటును ఏళ్ల తరబడి ఖాళీ చేయలేదు. బెలింగ్‌కు జలుబు చేసిన రోజుల్లో నార్మన్ పెద్ద జట్టులో ఆడేవాడు. బెలింగ్‌కు జలుబు తక్కువ. మిగతా రోజుల్లో రెండో జట్టు, చలికాలమంతా బొగ్గు బస్తాలు. ఎనిమిదేళ్లు ఇలాగే జరిగాయి. ఎనిమిదేళ్లూ అతను పెట్టుకున్నది చిహ్నం లేని సాదా టోపీ. బంగారు రంగు దారంతో గుర్రపు తల కుట్టిన ముదురాకుపచ్చ టోపీని కౌంటీ తనవాళ్లనుకున్న ఆటగాళ్లకే ఇస్తుంది. అది కొనుక్కునే వస్తువు కాదు, అడిగి పుచ్చుకునేదీ కాదు. ఒక మధ్యాహ్నం కెప్టెన్ మైదానం నడుమ నలుగురూ చూస్తుండగా చేతికి ఇవ్వాలి. పెళ్లైన ఏడాదే ఐవీ తలుపు వెనక ఒక మేకు కొట్టింది. దానికి గొడుగు తగిలించబోతే నార్మన్ చెయ్యి మీద చరిచింది. ఎనిమిదేళ్లు ఆ మేకు బోసిగానే ఉంది.

1962లో బెలింగ్ మోకాలు పోయింది. ముప్ఫై మూడేళ్ల వయసులో నార్మన్ మొట్టమొదటిసారి ఒక వేసవి మొత్తం ఆడాడు. జూన్‌లో, ఏడు వికెట్లు తీసిన రోజున, కెప్టెన్ మిస్టర్ హ్యూ లాంగ్‌స్టాఫ్ అతని భుజం తట్టి ఒక మాట ఇచ్చాడు. ఈ ఏడు వంద వికెట్లు తీస్తే టోపీ నీది, అన్నాడు. లాంగ్‌స్టాఫ్ మంచివాడే. తండ్రికి జామ్ ఫ్యాక్టరీ ఉండటం వల్ల జీతం అక్కర్లేని ఆటగాడు. అలాంటి వారికి పెవిలియన్ నుంచి మైదానంలోకి దిగడానికి ఒక గేటు, జీతం తీసుకునే థ్రెల్‌ఫాల్‌లకు మరో గేటు. ఇద్దరూ కలిసేది గడ్డి మీదే. పదకొండు మంది ఒకే జట్టుగా ఆడే ఆటకు రెండు గేట్లు ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఇవ్వడంలో లాంగ్‌స్టాఫ్ ఉదారుడు. ఇచ్చిన మాట గుర్తుంచుకోవడంలో మాత్రం కొంచెం వెనకబడ్డవాడు.

ఆ ఏటి ఆఖరి మ్యాచ్ సాల్ట్‌హోమ్ అనే సముద్రతీరపు ఊళ్లో. మొదలయ్యేనాటికి నార్మన్ ఖాతాలో తొంభై నాలుగు. ఇంకా ఆరు కావాలి. మొదటి రెండు రోజులూ సముద్రం మీద నుంచి వాన వచ్చి కూర్చుంది. జల్లుకూ జల్లుకూ మధ్య ఇరుపక్కల మొదటి ఇన్నింగ్సులూ ఏదో అయిపోయాయనిపించుకున్నాయి. సబ్బుముక్కలా జారే బంతిని తువ్వాలుతో తుడుచుకుంటూ నార్మన్ మూడు ఓవర్లు వేసి చేతులు దులుపుకున్నాడు. తొంభై నాలుగు తొంభై నాలుగుగానే మిగిలింది.

మూడో రోజు ఉదయం ఆకాశం కడిగిన పళ్లెంలా తెల్లారింది. గుడారాల మీద జెండాలు ఎగిరాయి, మడతకుర్చీలు విచ్చుకున్నాయి, మైదానానికి ఒక పక్కనున్న బసలో మిసెస్ పర్విస్ రెండు రోజులుగా ఆరని దుప్పట్లన్నీ పెరట్లో తాళ్లకెక్కించింది. నార్మన్ వేలి చర్మం గట్టిపడటానికి చూపుడువేలును బాల్సం అనే బంకమందులో ముంచి ఎండలో పట్టుకున్నాడు. నేల తడిసి ఉంది, పైన ఎండ కాస్తోంది. స్పిన్ బౌలరుకు ఇంతకంటే మంచి పెళ్లిపీట ఉండదు. ఆరేం ఖర్మ, ఎనిమిది తీస్తాననుకున్నాడు. ఆ పొద్దున్నే ఇంటి నుంచి వచ్చిన ఐవీ కోడిగుడ్డు శాండ్‌విచ్‌ల పొట్లం, టీ ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని మొదటి వరసలో కూర్చుంది. ముందురోజు రాత్రి ఆ మేకును సున్నపురాయి పొడి పెట్టి తోమిందని ఎవరికీ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే రెండు జట్ల కెప్టెన్లూ మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చారు.

వాన మింగిన మ్యాచ్‌కు ఫలితం రావాలంటే ఆ రోజుల్లో ఉన్న దారి అదొక్కటే. అవతలి జట్టు బ్యాటింగ్‌కు వస్తుంది; వాళ్లకు కావాలని చెడ్డ బంతులు వేసి, నూట డెబ్బై పరుగులు వేగంగా చేతిలో పెట్టాలి. అందగానే వాళ్లు డిక్లేర్ చేసి, ఆ నూట డెబ్బైని దాటమని మిగిలిన పొద్దంతా లాంగ్‌స్టాఫ్ జట్టుకు ఇస్తారు. గెలిస్తే లాంగ్‌స్టాఫ్ జట్టు పట్టికలో అట్టడుగు స్థానం తప్పించుకుంటుంది. ఇద్దరికీ లాభమే. అవతలి కెప్టెన్ మిస్టర్ క్విలియమ్ మాత్రం లండన్‌లో న్యాయవాది కావడం వల్ల, ఒక షరతు ఉత్తరం కవరు వెనక రాయించుకున్నాడు. ఒక కొస నుంచి థ్రెల్‌ఫాల్, మరో కొస నుంచి ఓపెనింగ్ బ్యాట్స్‌మన్ మెర్రిడూ బౌలింగ్ చేయాలి, పరుగులు అందేవరకూ ఇద్దరినీ మార్చకూడదు. అసలైన ఫాస్ట్ బౌలర్లను తెచ్చి మధ్యలో మాట తప్పుతారేమోనని ఆయన అనుమానం.

లాంగ్‌స్టాఫ్ ఈ కబురు మోసుకొచ్చి చెప్పేసరికి నార్మన్ వేలు ఇంకా ఎండలోనే ఉంది.

"నేల తాకకుండా, నెమ్మదిగా, ఛాతీ ఎత్తున వెయ్యి థ్రెల్‌ఫాల్. వికెట్లు వద్దు. వికెట్లు పడ్డాయంటే క్విలియమ్ భయపడి డిక్లేర్ చేయడు, మన పని గోవిందా."

"సార్, నాకు ఆరు కావాలి."

"ఆరేమిటి?"

నార్మన్ జూన్‌లో ఇచ్చిన మాట గుర్తుచేశాడు. లాంగ్‌స్టాఫ్ మొహం పాపం నిజంగానే వాడిపోయింది. అవునవును, అన్నాడు, చెప్పి ఉండాల్సింది, అన్నాడు, అవతలివాడికి చేయి కలిపి వచ్చాను, ఇక వెనక్కి పోలేను, అన్నాడు. వచ్చే ఏడు చూద్దామన్నాడు. వచ్చే ఏటికి బెలింగ్ మోకాలు నయమవుతుందని, ఎవరిని ఉంచాలో ఎవరిని పంపాలో కమిటీ ఈ మ్యాచ్ కాగానే తేలుస్తుందని ఇద్దరికీ తెలుసు. లాంగ్‌స్టాఫ్ మాట ఇచ్చింది వందకు. తొంభై నాలుగుకు ఎవరూ ఏ మాటా ఇవ్వలేదు.

నార్మన్ అంచు దాకా నడిచి వెళ్లి ఐవీకి సంగతి చెప్పాడు. ఆమె సగం తిన్న శాండ్‌విచ్‌ను పొట్లంలో పెట్టేసింది.

"మరి ఏం చేస్తావు?"

"కెప్టెన్ చేయి కలిపి వచ్చాడు. ఆయన మాట పోకూడదు కదా. చెడ్డగానే వేస్తాను."

"నీకొచ్చా?" అంది ఐవీ.

ఆ ప్రశ్న అతని బుర్రలోకి అప్పటిదాకా రాలేదు. వచ్చి ఉండాల్సింది.

మెర్రిడూకు చెడ్డ బంతి వేయడం పుట్టుకతో అబ్బిన విద్య. అతని మొదటి ఓవరులోనే ఇరవై పరుగులు వచ్చాయి, అందరూ సంతోషించారు. ఫీల్డర్లను తీసుకెళ్లి అంచుల్లో నిలబెట్టారు, క్యాచ్ వస్తే వదిలేయమన్నారు. తర్వాత నార్మన్ పరుగెత్తుకుంటూ వచ్చి, ఎన్నడూ వేయనట్టుగా, ఛాతీ ఎత్తున ఒక బంతి విసిరాడు. అలాంటి వరం చూసి బ్యాట్స్‌మన్ ఆనందం పట్టలేక బ్యాటును గిర్రున తిప్పాడు. బంతి తగల్లేదు. బ్యాటు ఒక చుట్టు పూర్తిగా తిరిగి వచ్చి అతని వికెట్లనే కూల్చింది. తొంభై అయిదు.

"క్షమించండి సార్," అన్నాడు నార్మన్, మిడాఫ్‌లో ఉన్న కెప్టెన్‌తో.

తర్వాత ఇంకా చెడ్డగా వేద్దామని బంతిని ఆకాశంలోకి విసిరాడు. అది పావురాల గుంపు దాకా పోయి, కాసేపు అక్కడ ఆలోచించి, దిగడం మొదలుపెట్టింది. బ్యాట్స్‌మన్ సూర్యుడిలోకి చూస్తూ ఒక అడుగు వెనక్కి వేశాడు, మరో అడుగు పక్కకు వేశాడు, చివరికి చేతులెత్తేశాడు. బంతి నిటారుగా దిగి బెయిల్స్ మీద కూర్చుంది. తొంభై ఆరు. వికెట్ కీపర్ బర్ట్ స్లేడెన్ నేల మీద చతికిలబడి పొట్ట పట్టుకున్నాడు.

"ఒరేయ్ నార్మ్, ఈ ఎత్తు దాచిపెట్టి తొమ్మిదేళ్లు మమ్మల్ని చంపావు కదరా."

మూడోసారి బ్యాట్స్‌మన్ బంతిని తిన్నగా నార్మన్ మీదికే బాదాడు. బౌలరు కొసన నిలబడ్డ రెండో బ్యాట్స్‌మన్ గీత వదిలి ముందుకొచ్చి ఉన్నాడు. మొహానికి అడ్డం పెట్టుకున్న నార్మన్ చేతికి తగిలి, బంతి అటు తిరిగి అక్కడి వికెట్లను పడగొట్టింది. రనౌట్. ఇది బౌలర్ ఖాతాలోకి రాదు. జట్టుకు నష్టం, తనకు లాభం లేదు. నార్మన్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ప్రేక్షకులకు మాత్రం తెలిసిపోయింది. నిద్రపోతున్న వృద్ధులను పక్కవాళ్లు తట్టి లేపడం మొదలైంది.

లాంగ్‌స్టాఫ్ దగ్గరికొచ్చి, పళ్ల బిగువున, దయచేసి ఆపమన్నాడు. నార్మన్ అన్ని విధాలా ప్రయత్నిస్తున్నానని ప్రమాణం చేశాడు. అది నిజం. మెర్రిడూ కొసన పరుగులు కాలువలా పారుతున్నాయి. నార్మన్ కొసన మాత్రం ఏ బంతి వేసినా ఏదో ఒక దోవన వికెట్టై కూర్చుంటోంది. ఒకడు సిక్సరు కొట్టాననుకున్న బంతి అంచులో టీ వైపు చూస్తున్న లావుపాటి ఫాస్ట్ బౌలర్ పొట్టకు తగిలి అక్కడే ఇరుక్కుంది. అతను దాన్ని పట్టుకున్నందుకు రెండు జట్లకూ వేర్వేరుగా క్షమాపణ చెప్పుకున్నాడు. తొంభై ఏడు. పిచ్ అంచు దాటి మరీ దూరంగా వేసిన బంతిని తరుముతూ పోయిన మరొకడు బురదలో జారి బోర్లా పడ్డాడు. బర్ట్ వద్దనుకుంటూనే బంతి అందుకుని వికెట్లు లేపేశాడు. తొంభై ఎనిమిది.

"నేను కాదు సార్, చేతులు," అన్నాడు బర్ట్ కెప్టెన్‌తో. "వీటికి ఒప్పందం సంగతి ఎవరూ చెప్పలేదు."

ఆ తర్వాతది ఆ ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. బంతి బ్యాటు అంచును వెంట్రుకవాసిలో తాకి బర్ట్ చేతుల్లో పడింది. ఎవరూ వినలేదు. విన్న బర్ట్ పెదవి విప్పలేదు. ఆటగాళ్లు అడగందే అంపైరు అవుటివ్వకూడదు. ఆయన చేతులు వెనక కట్టుకుని సముద్రం వైపు చూస్తున్నాడు. కానీ బ్యాట్స్‌మన్ బడిపంతులు, దానికి తోడు మతగురువు కొడుకు. తగిలిందని తనకు తెలుసు. అతను బ్యాటు చంకన పెట్టుకుని, తలవంచుకుని, నడిచి వెళ్లిపోయాడు. వెళ్లొద్దని లాంగ్‌స్టాఫ్ వెంటపడి బతిమాలాడు. ఒక కెప్టెన్ అవుటైన ప్రత్యర్థిని ఉండిపొమ్మని వేడుకోవడం అక్కడెవరూ అంతకుముందు చూసి ఎరగరు. అతను ఆగలేదు. తొంభై తొమ్మిది.

ఆరు వికెట్లు పడ్డాయి. నూట డెబ్బైకి ఇంకా ఆరు పరుగులు తక్కువ. లాంగ్‌స్టాఫ్ ఇక తట్టుకోలేక బంతి కోసం చేయి చాచాడు.

"నిన్ను తీసేస్తున్నాను. నువ్వుంటే వీళ్లు ఆలౌట్ అయిపోతారు."

నార్మన్‌కు ఇంకొక్కటే కావాలి. అయినా బంతి ఇచ్చేయబోయాడు. అప్పుడు అవతలి కెప్టెన్ క్విలియమ్ అడ్డొచ్చాడు. స్వయంగా బ్యాటింగ్ చేస్తున్న ఆయన, ప్యాడు సందులోంచి ఉత్తరం కవరు తీసి విప్పాడు.

"అలా కుదరదు లాంగ్‌స్టాఫ్. పరుగులు అందేదాకా థ్రెల్‌ఫాలే వేయాలని రాసుంది. ఇదిగో, మీ సంతకం."

"అతను మీ వాళ్లను ఊచకోత కోస్తున్నాడు కదయ్యా."

"కోయకూడదని రాయలేదు. అది నా తప్పు."

మీ వాడు ప్రతి వికెట్టుకూ ఏడుపుమొహం పెడుతున్నాడేమని క్విలియమ్ అడిగితే, బర్ట్ ఆగలేక సంగతంతా కక్కేశాడు: వంద, టోపీ, తొమ్మిదేళ్లు, తలుపు వెనక మేకు. మేకు సంగతి బర్ట్‌కు ఎలా తెలుసో నార్మన్‌కు తెలియదు. క్విలియమ్ కవరు మడిచి జేబులో పెట్టుకుని, గొంతు తగ్గించి, తర్వాతి బంతికి తాను గీత దాటి ముందుకొస్తానని, బంతిని వదిలేస్తానని, కీపరు వికెట్లు లేపుకోవచ్చని అన్నాడు. పుణ్యం, పైగా ఎవరికీ నష్టం లేదన్నాడు.

నార్మన్ ఒక్క క్షణం తలుపు వైపు చూసినట్టు ఐవీ వైపు చూశాడు. దూరం నుంచి ఆమెకు ఏమీ వినపడదు. అయినా ఆమె తల అడ్డంగా ఊపుతోంది, లేదా తన ముఖం మీది ఈగను తోలుకుంటోంది.

"వద్దు సార్," అన్నాడు. "వద్దనుకున్నవి అయిదు వచ్చిపడ్డాయి. కావాలనుకున్న ఒక్కటి కూడా దానంగా వస్తే, ఆ టోపీ కింద నా తల ఇమడదు. నన్ను ఒక్క బంతి నా పద్ధతిలో వేయనివ్వండి. మీరు మీ పద్ధతిలో ఆడండి. తర్వాత మీ ఇష్టం."

క్విలియమ్ లాంగ్‌స్టాఫ్ వైపు చూశాడు. లాంగ్‌స్టాఫ్ తన చేతివైపు చూసుకున్నాడు, పొద్దున ఒకరితో కలిపిన చేయి, జూన్‌లో మరొకరి భుజం తట్టిన చేయి. రెండూ ఒకటేనని అప్పుడే గమనించినట్టున్నాడు. బంతిని తిరిగి నార్మన్‌కు ఇచ్చాడు.

"ఒక్కటే," అన్నాడు.

ఫీల్డర్లందరూ ఇంకా అంచుల్లోనే ఉన్నారు. దగ్గరికి పిలవాలని ఎవరికీ తోచలేదు. నార్మన్ కాయకాచిన వేలును కుట్టు మీద ఆన్చాడు. ఎదురుగా పిచ్ కనబడలేదు అతనికి. సందు కనబడింది, మూత కనబడింది. నాలుగడుగులు వేసి బంతి వదిలాడు.

అది మూత మీద పడింది. ఉదయమంతా గాలిలోనే తిరిగి నేల రుచి ఎరగని బంతి, ఆ తడిమట్టిని కొరికి, ఒక్కసారిగా లోపలికి తిరిగి లేచింది. క్విలియమ్ నిజాయితీగా, కాలు ముందుకు చాచి, చక్కగా అడ్డుకున్నాడు. బంతి బ్యాటు లోపలి అంచుకు, ప్యాడుకు తగిలి, దగ్గర ఫీల్డరు నిలబడవలసిన చోటికి బుడగలా ఎగిరింది. అక్కడ ఎవరూ లేరు. అక్కడ నిలబడవలసినవాడు అరవై గజాల అవతల ఒక పిల్ల చేతి ఐస్‌క్రీమ్ వైపు చూస్తున్నాడు.

నార్మన్ పరుగెత్తాడు. దాన్ని పరుగు అనవచ్చో లేదో; ఎనిమిది చలికాలాలు బొగ్గు మోసిన భుజాలు ముందు కదిలాయి, కాళ్లు తర్వాత వచ్చాయి. నడుమ దాకా వచ్చాక కాళ్లను వదిలేసి మనిషి ఒక్కడే గాలిలోకి లేచాడు, బస్తా విసిరినట్టు. బురదలో పొట్టమీద జారుతూ పోయి, ఎడంచేయి చాచి, నేలకు నాలుగు వేళ్ల ఎత్తున బంతిని పట్టాడు. అలాగే ఇంకో గజం జారి, క్విలియమ్ బూట్ల దగ్గర ఆగాడు.

అప్పీలు చేయడానికి అతని నోట్లో ఖాళీ లేదు, నిండా మట్టి. ఆ పని బర్ట్ చేశాడు. అతని అరుపుకు అంపైరు చేయి తనంతట తానే లేచిందంటారు.

"అచ్చంగా నీదే," అన్నాడు క్విలియమ్, కిందికి చూస్తూ, నవ్వుతూ.

వృద్ధులు కుర్చీలమీద లేచి నిలబడ్డారు, ఒకాయన కుర్చీతో సహా మడతపడ్డాడు. ఐవీ ఫ్లాస్కు మూత తీసి, టీ పోసుకుంటున్నానన్న సంగతి మరిచి, ఫ్లాస్కంతా గడ్డిలో ఒంపేసింది. లాంగ్‌స్టాఫ్ జేబులు తడుముకున్నాడు. టోపీ లేదు. నార్మన్‌కు ఆరు వికెట్లు పడతాయని ఆ పొద్దున ఎవరనుకున్నారు గనుక తెస్తారు? ఆయన ఇక ఆలోచించలేదు, గుర్రపు తలున్న తన టోపీనే తీసి, మట్టికొట్టుకుపోయిన నార్మన్ తల మీద పెట్టాడు. జూన్‌లో ఇచ్చిన మాటను సెప్టెంబరు దాకా మరిచిన మనిషి, ఆ రోజు క్షణంలో నిలబెట్టుకున్నాడు.

లాంగ్‌స్టాఫ్ తల కౌంటీలోకెల్లా పెద్దది. టోపీ నార్మన్ కనుబొమలు దాటి ముక్కు దాకా దిగింది.

"తీసేసి వెయ్యరా, ఓవరులో ఇంకో బంతి ఉంది," అన్నాడు బర్ట్.

"తొమ్మిదేళ్లు పట్టింది పెట్టడానికి. ఒక్క బంతికి తీస్తానా?"

అతను టోపీతోనే పరుగెత్తుకొచ్చాడు. అవతల కొత్తగా వచ్చిన బ్యాట్స్‌మన్, ఆ జట్టు ఫాస్ట్ బౌలర్ కాట్రెల్, ఆ వేసవంతా బంతికి బ్యాటు తగిలించి ఎరగడు. మూడో అడుగులో టోపీ కళ్లమీదికి దిగింది. పిచ్ లేదు, సందు లేదు, మూత లేదు. ముదురాకుపచ్చ చీకటి ఒక్కటే ఉంది. నార్మన్ అలాగే బంతి వదిలాడు. కెప్టెన్ పొద్దుటి నుంచి అడుగుతున్న బంతి అదే: నెమ్మదిగా, తిప్పు లేకుండా, నేల తాకకుండా, నడుమెత్తున, దానమిచ్చినట్టు వెళ్లింది.

కాట్రెల్ కళ్లు మూసుకుని బాదాడు. బంతి గుడారాలు దాటింది, జెండాలు దాటింది, మిసెస్ పర్విస్ పెరట్లో దిగి, రెండు రోజులకు ఆరిన దుప్పట్లలో మూడింటిని తాడుతో సహా బురదలోకి లాక్కుపోయింది. ఆరు పరుగులు. పెవిలియన్ మెట్లెక్కుతున్న క్విలియమ్ వెనక్కి తిరిగి, డిక్లేర్ చేస్తున్నానని చేయి ఊపాడు.

పెరటి గోడ మీదుగా మిసెస్ పర్విస్ తల లేచింది. ఒక చేతిలో దుప్పటి, ఒక చేతిలో బంతి.

"ఎవడిదీ పని?"

ఐవీ నవ్వు ఆపుకోలేక పక్కవాళ్ల భుజం పట్టుకుంది. మైదానం నడుమ, ముక్కు దాకా టోపీ దిగిన మనిషి, ఆ గొంతు వచ్చిన వైపు అంచనాగా తిరిగి, బుద్ధిగా చేయెత్తాడు.

"నాదేనండీ," అన్నాడు నార్మన్ థ్రెల్‌ఫాల్. ఆ మాట అనడంలో అంత గర్వం అతను వంద వికెట్లకూ చూపలేదు.